మంచు చిరుత నిద్ర

"చచ్చిందా?" మేకలు కాచుకునే దుల్మా ఆశగా అడిగింది.

"లేదక్కా, మత్తు సూది వేశాను. ఇది ఎక్కడెక్కడ తిరుగుతుందో తెలియడానికి మెడకు పట్టీ కట్టి వదిలేస్తాం," అంది డాక్టరు ఓయూన, మంచు చిరుత కాలిని ఉచ్చులోంచి మెల్లగా విడిపిస్తూ.

"నా మేకల్ని తిన్నదాన్ని వదిలేస్తావా? ఈ గోబీ కొండల్లో నీకింకేం పని దొరకలేదా తల్లీ?"

ఓయూన పట్టీ బిగించి, చిరుత పొట్ట తడిమి ఆగిపోయింది.

"ఏమైంది?"

"పాలు గడ్డకట్టి పొదుగు రాయిలా ఉందక్కా. తాగే పిల్లలు లేరు. చచ్చిపోయుంటాయి."

పోయిన వారమే దుల్మా తన పసిగుడ్డును కొండ వెనక పూడ్చి వచ్చింది. ఎదపాలతో ఆమె అంగీ ఇంకా తడుస్తూనే ఉంది.

తన శాలువా తీసి చిరుతకు కప్పింది.

ఓయూన మెలకువ తెప్పించే సూది అందుకుంది.

"మత్తులో నొప్పి తెలుస్తుందా?" అని అడిగింది దుల్మా.

"తెలియదక్కా."

దుల్మా ఆమె చెయ్యి పట్టుకుంది.

"అయితే ఇంకాసేపు పడుకోనివ్వమ్మా."