బిళ్ల వెనకవైపు

ఆ వేళ కూడా బిళ్ల తిరగేసే ఉంది.

కోరిన్‌కి ఒళ్లు మండిపోయింది.

అమెరికాలోని ఆ డెలవేర్ తోటలో చెట్టు చెట్టుకీ ఓ ఇత్తడి బిళ్ల, దాని మీద ఓ అంకె. అంకె వచ్చిపోయేవాళ్లకి కనబడాలి, అది నియమం. ఈ ముసలి మాగ్నోలియా చెట్టు బిళ్ల మాత్రం రోజూ పొద్దున్నే చిలుం పట్టిన వీపు చూపించేది.

తిప్పే మనిషి పక్కనే కర్ర ఊతంగా నిలబడి ఉన్నాడు.

"మళ్లీనా! మీరేమన్నా చిన్నపిల్లాడా సార్?"

ఆయన బిళ్లని బొటనవేలితో రుద్దాడు. "ఇ...టు... చూ..." పక్షవాతం వచ్చి మాట ముద్దయిపోయింది పాపం.

"చూడ్డానికి తీరికెక్కడిది నాకు? శుక్రవారం పరీక్ష!"

బిళ్లని టక్కున అంకెవైపు తిప్పేసింది.

నిజమే, ఆ పిల్లకి కాలు నిలవడం లేదు. పెద్ద తోటలు నడిపే చదువు, రెండేళ్లు. ఆఖరి పని, కొత్త బాట వేసే గుట్ట మీద ఏ చెట్టు ఉండాలో ఏది పోవాలో తేల్చడం. పుట్టుక తెలియని చెట్టు ఆ బాటకి బలి. మాగ్నోలియా కాగితాలు ఏనాడో వరదలో నానిపోయాయి. దాన్ని ఎలాగైనా నిలబెట్టాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఏ కొండది, ఎవరు తెచ్చారని పద్నాలుగు తోటలకి ఉత్తరాలు రాసింది. అందరూ ఎరగమన్నారు.

గురువారం మళ్లీ వీపే.

కోరిన్ కాపలా డెల్‌ని కేకేసింది. "ఈయన లోపలికొచ్చే కార్డు లాక్కో. ఇంక లోపలికి రానివ్వకు."

"పోనిద్దూ! బిళ్లేగా తిప్పాడు, చెట్టుని చంకన పెట్టుకుపోలేదుగా?"

"అయితే నా పరీక్ష నువ్వు రాయి!"

పెద్దాయన బెరడు నిమిరి, కర్ర టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాడు. డెల్ ఇచ్చిన కార్డుని కోరిన్ చూడనైనా చూడకుండా కోటు జేబులో కుక్కేసింది.

శుక్రవారం పరీక్ష పెట్టే పెద్దలు అడిగారు. "ఈ మాగ్నోలియా ఎక్కడిదమ్మా?"

"తెలీదండీ."

"మరి?"

"కొట్టేయాలండీ."

పరీక్ష నెగ్గింది.

సోమవారం రంపం ఆగాక, విచ్చని మొగ్గల మధ్య బిళ్ల ఏరుకుంది. పోయిన చెట్టు బిళ్లని తోమి దాచాలి, అదీ నియమమే. వెనిగర్ పోసి రెండువైపులా రుద్దింది. చిలుం వదిలి, వెనకాల మేకుతో గీకిన అక్షరాలు తేలాయి.

"చిరి కొండ, కొరియా. 1963. విత్తనం తెచ్చి నాటినది ఎల్‌వుడ్ స్టోల్ట్స్."

కోటు జేబులోంచి నలిగిన కార్డు తీసి చూస్తే, దాని మీదా అదే పేరు.