లైటు వెలగని రాత్రి

ఆమెకు లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. నిద్రలో పాప ఊపిరి ఆగిపోతుందేమోనని.

అందుకే రాత్రి గంటకోసారి లేస్తుంది. లైటు వేస్తుంది. పాప ముక్కు కింద వేలు పెడుతుంది. వెచ్చగా తగిలాక లైటు తీసేసి పడుకుంటుంది.

గోడ గడియారమైనా తప్పుతుందేమో గాని ఆమె తప్పదు.

భర్తకి ప్రెస్సులో రాత్రి డ్యూటీ. ఇంట్లో తనూ, ఐదు నెలల పాపా.

ఆ మధ్యే మేడ మీది గదిలోకి ఒకాయన అద్దెకు దిగాడు. అరవై దాటిన ఒంటి మనిషి. సామానంటే ఒక మడతమంచం, ఒక స్టవ్వు, చీకట్లో రాసుకోవడానికి ఎర్రకాగితం చుట్టిన టార్చి, కెమెరా తగిలించిన మనిషెత్తు టెలిస్కోపు.

వీధి పిల్లలు ఆయనకి 'గొట్టం తాత' అని పేరు పెట్టేశారు.

వారం తిరక్కుండానే ఒక సాయంత్రం ఆయన తలుపు తట్టాడు.

"ఏమీ అనుకోకమ్మా. రాత్రిళ్లు మీ కిటికీ లైటు ఎదురింటి తెల్లగోడ మీద పడి మేడంతా వెలుగైపోతోంది. ఆకాశంలో ఒక మసక మచ్చ ఉంది. దాన్ని ఫొటో తీయాలంటే గంటసేపు చీకటి కావాలి. మధ్యలో వెలుగు తగిలిందా, అంతా బూడిదే."

"నేను పాపని చూసుకోవాలండీ."

"పోనీ ఒక పరదా కట్టుకుంటే... నేనే కుట్టించి ఇస్తాను."

"పరదా కడితే పాపకి గాలాడదు! మీ మచ్చకేమండీ, రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. నా పాప..."

మాట తుంచేసి, లోపల పడుకున్న పాప వైపు చూసింది.

భర్త టిఫిన్ డబ్బా పట్టుకుని బయటికొచ్చాడు.

"మా లైటు ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టే పని నీకెందుకు పెద్దాయనా? ఇంకోసారి మా గుమ్మం ముందు కనిపిస్తే బాగుండదు."

ఆయన తలూపి మెట్లెక్కి వెళ్లిపోయాడు. మళ్లీ దిగొచ్చి అడగలేదు.

చలి ముదిరింది.

ఒక రాత్రి, పాప చేతులు చల్లగా ఉన్నాయని ఆమె గదిలో బొగ్గుల కుంపటి పెట్టింది. కిటికీ అద్దాలు బిగించింది. తలుపు కింది సందులో పాత దుప్పటి కుక్కింది.

ఎప్పుడు కునుకు పట్టిందో తెలీదు.

బెల్లు. ఆగకుండా బెల్లు.

తల దిమ్ము. కాళ్లు దూది. గోడ పట్టుకుని వెళ్లి తలుపు తీసింది. చల్లగాలి మొహాన కొట్టింది. గుమ్మంలో ఎవరూ లేరు.

వెనక్కొచ్చి లైటు వేసింది. పాప పాలు కక్కుకుని తోటకూర కాడలా వాలిపోయి ఉంది. ఎత్తుకుని బయటికి పరిగెత్తింది. వీపు నిమిరింది. పేరు పెట్టి పిలిచింది. మళ్లీ పిలిచింది.

చివరికి పాప కెవ్వుమంది.

అప్పుడు పై మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. మెల్లగా, పైకి.

పొద్దున భర్త విని మండిపడ్డాడు.

"దొంగలు ఇలాగే బెల్లు కొట్టి చూస్తారు, మనుషులున్నారో లేరో అని. రాత్రంతా మెలకువగా ఉండేది ఆ గొట్టం ఒక్కడే!"

"పైకెళ్లిన చప్పుడు నేనూ విన్నా," అంది ఆమె.

ఇంటి ఓనరు ఆయన్ని కిందికి పిలిపించాడు.

"అర్ధరాత్రి బెల్లు కొట్టింది నువ్వేనా?"

"నేనే. పాప బాగుందా?"

"మాట మార్చకు. ఆడమనిషి ఒక్కతే ఉన్న ఇంటి బెల్లు కొట్టే పనేంటి నీకు?"

ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె పాపని గుండెకి అదుముకుని మొహం తిప్పేసుకుంది.

లైటు లెక్క నీకెందుకన్న మాట గుర్తొచ్చిందో ఏమో, ఆయన మరి నోరు మెదపలేదు.

ఓనరు పొమ్మనడంతో ఆదివారం ఖాళీ చేశాడు. సాయానికి ఎవరూ రాలేదు. టెలిస్కోపుని పసిబిడ్డలా భుజాన వేసుకుని దిగిపోయాడు.

నెల తర్వాత పాపకి టీకా వేస్తూ నర్సు అడిగింది.

"చలికి ఏం జాగ్రత్త తీసుకుంటున్నావమ్మా?"

"ఒకసారి గది మూసి కుంపటి పెట్టానండీ. తలనొప్పొచ్చి మానేశా."

నర్సు చెయ్యి ఆగిపోయింది.

"మూసిన గదిలో బొగ్గులా! నీకేమైనా మతి పోయిందా? అది కంటికి కనపడని విషం తల్లీ. పడుకున్నవాళ్లు పడుకున్నట్టే పోతారు. నిన్నెవరు లేపారు?"

ఆమె పాపని ఎత్తుకుని లేచింది.

ఇంటికొచ్చి తిన్నగా మేడెక్కింది. ఖాళీ గది. గూట్లో ఒక నోటుబుక్కు మిగిలిపోయింది.

ఏడో తరగతితో ఆగిన చదువు. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది.

"పది, లైటు, ఫొటో పాడు. పదకొండు, లైటు, పాడు." పేజీలకి పేజీలు అదే.

తలుపు తట్టిన రోజు రాత్రి: "పసిబిడ్డ తల్లి. గంటకోసారి లేస్తుంది. ఇకనుంచి లైటు ఆరాక యాభై నిమిషాలే తీస్తాను. మచ్చ సరిగా రాకపోతే పోయింది."

కుంపటి రాత్రి: "పదకొండు, లైటు. పన్నెండు, లేదు. ఒంటిగంట, లేదు. మేడ ఎప్పుడూ ఇంత చీకటిగా లేదు. ఇన్నాళ్లకి ఫొటో కుదురుతోంది. కానీ ఆ తల్లి తప్పే మనిషి కాదు. ఆపేసి కిందికి వెళ్తున్నాను."

దాని కింద, వంకర అక్షరాలతో: "ఒంటిగంటా ఇరవై. లైటు వెలిగింది. పాప ఏడ్చింది. ఫొటో పాడు. హమ్మయ్య."

ఆయన ఎటు వెళ్లాడో ఓనరుకి తెలీదు. ఎవరికీ తెలీదు.

మీ మేడ మీద టెలిస్కోపుతో ఒంటి మనిషి ఎవరైనా ఉంటే, రాత్రి ఒక్కసారి తలెత్తి చూడండి. ఎర్రగా చిన్న టార్చి వెలుగుతుంటే సరే, వెలగకపోతే మాత్రం దయచేసి వెళ్లి బెల్లు కొట్టండి.