ఎవరివైపు జబ్బు

"ఇది ఎవరివైపు నుంచి వచ్చిందో కాగితమ్మీద రాసిచ్చెయ్యండి. పిల్లని ఇవాళే పుట్టింట్లో దింపేస్తాను."

మామగారు కుర్చీ ముందుకు లాక్కుని మరీ అడిగాడు. కోడలి పెట్టె అప్పటికే కారెక్కింది. కోడలు బయట బల్లమీద కూర్చుని, తనకొక్కదానికే వినిపించే ఎవరికో నెమ్మదిగా జవాబు చెబుతోంది. ఆమె తల్లి లోపల, గోడవారగా తల వంచుకుని కూర్చుంది.

డాక్టరమ్మ స్కానింగ్ ఫిల్ము వెలుతురుకి పట్టింది.

"మెదడులో ఈ నీటి గదులు కాస్త పెద్దవి. మెదడు నిర్మాణానికీ ఈ జబ్బుకీ కొన్ని జన్యువులు ఉమ్మడి. అలాగని అంతా వాటివల్లే కాదు. ఇప్పుడు కావలసింది మందులు, ఇంట్లో ఆదరణ."

"ఆదరణ పుట్టింట్లో దొరుకుతుంది లెండి. ఆ జన్యువుల సంగతి తేల్చండి."

డాక్టరమ్మ నిట్టూర్చి తెల్లకాగితం తీసింది. మగవాళ్ళకి గడి, ఆడవాళ్ళకి సున్నా, జబ్బున్నవాళ్ళకి నలుపు. కోడలి తండ్రివైపు మూడు తరాలు గీసింది. ఒక్క నలుపూ పడలేదు.

"దాస్తున్నారండీ," అన్నాడు మామగారు. "వాళ్ళ ఇంటిపేరు వేరు, మా ఇంటిపేరు వేరు. వాళ్ళింటి గుట్టు మాకేం తెలుస్తుంది? పక్కనే మా వంశం కూడా గీయండి. తేడా మీకే తెలుస్తుంది."

"వద్దులే అన్నయ్యా," అంది కోడలి తల్లి.

"నువ్వూరుకో చెల్లెమ్మా! మా నాన్న గోడగడియారాలు బాగుచేసేవాడండీ. ఎంత మెదడంటే, గడియారాలు ఆయనతో మాట్లాడేవి. ఆయన జవాబు చెప్పేవాడు. పనితనం ఎవరో కాజేస్తారని కిటికీలన్నిటికీ కాగితాలు అంటించాడు. రెండేళ్ళు గడప దాటలేదు. అన్నంలో విషం ఉందేమోనని, అమ్మ తిని చూపించాకే ముద్ద ముట్టేవాడు. అంత జాగ్రత్త మనిషి!"

డాక్టరమ్మ పెన్సిలు ఆగింది. "ఆయన్ని ఏ డాక్టరుకైనా చూపించారా?"

"మేధావికి డాక్టరెందుకండీ?"

ఆవిడ ఆయనకి గీసిన గడిని సగం నల్లగా నింపి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

మామగారు తొంగిచూశాడు. "అదేంటి, మా నాన్నకి మసి పూశారు? సరే, పూసుకోండి. ఎంత పూసినా ఆ పిల్ల మా ఇంటిపేరుతో పుట్టలేదుగా!"

డాక్టరమ్మ కోడలి తల్లి వైపు తిరిగింది. "ఇక మీ పుట్టింటివైపు చెప్పండమ్మా. మీ నాన్నగారికి ఇంకో గడి గీస్తాను."

కోడలి తల్లి మొదటిసారి తలెత్తి, "ఇంకో గడి ఎందుకండీ, ఆ గడియారాలాయనకి నేనూ అన్నయ్యా ఇద్దరమే పిల్లలం," అంది.