మోగితేనే బంగారం

“ఆ చెవులకు పెట్టుకున్నది తియ్యి. ఏం మోగుతదో అందరం ఇంటం,” అంది బాలమ్మ.

ప్రకాశం హెడ్‌ఫోను తీసి, దాని వైరు పీకేశాడు. అంతే, చేతిలోని మెటల్ డిటెక్టర్ గొంతు విప్పింది. కర్ర చివరనున్న పళ్లెంలాంటి చుట్టను దొడ్డిలో ఎటు జరిపినా ఒకటే అరుపు. కొట్టంలోని బర్రెలు బెదిరి పలుపులు గుంజుకున్నాయి.

“ఎంత బంగారమున్నదిరా నాయనా మా దొడ్ల!” బాలమ్మ మూతి తిప్పింది.

ఆమె కొడుకు సీతారాం గునపంతో తవ్వాడు. లాడం మేకు. ఇంకోచోట తవ్వాడు. తుప్పు పట్టిన గొలుసు ముక్క. మరోచోట మళ్లీ మేకే. గౌలిపురలో ఏండ్ల తరబడి ఎడ్లకు లాడాలు కొట్టిన దొడ్డి అది. మన్ను ఎంతో, ఇనుమూ అంత.

గోడ పక్కన కోడలు నీలమ్మ కుడిచేతి కడియాన్ని పిడికిట్లో పట్టుకుని నిలబడింది. దూడను కట్టేస్తుంటే ఎడమచేతి బంగారు కడియం ఎక్కడో జారిపోయిందని చెబితే అత్త నమ్మలేదు. అన్నకిచ్చి పంపిందని వాడకట్టంతా చాటింది. దొరక్కపోతే పొద్దుగూకేలోపు తల్లిగారింటికి పోవాలని తేల్చేసింది. “పోతే పోయింది తియ్యమ్మా, కడెం కోసం మనిషిని పంపిస్తమా?” అని సీతారాం ఒక్కడే అడ్డుపడ్డాడు. ఆ మాటే నీలమ్మకు అంత ధైర్యం.

ప్రకాశం ఆమె అన్నతోపాటు సర్కారు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నీలమ్మ కబురు పంపితే, చర్చి నుంచి ఇంటికైనా పోకుండా, ఫ్యాక్టరీ మిషను అడిగి తీసుకుని సైకిలుకు కట్టుకుని సంతోష్‌నగర్ నుంచి వచ్చాడు. అన్న దోస్తు కావడమే బాలమ్మకు నచ్చలేదు.

“గిట్లయితే వారం తవ్వినా ఒడవదు,” అంటూ ప్రకాశం మిషను మీది చిన్న మర తిప్పాడు. “ఇగ ఇనుము మీద సప్పుడు చెయ్యదు పెద్దమ్మా. బంగారం తగిల్తేనే మోగుతది.”

మేకు మీద పెట్టి చూపించాడు. మిషను కిక్కురుమనలేదు.

నీళ్ల గాబు చుట్టూ, పేడకుప్ప పక్కన, కొట్టం గుంజల మధ్య, దొడ్డంతా నడిచాడు. ఎక్కడా చప్పుడు లేదు.

“అయిపోయిందా?” బాలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. “మోగేదాన్ని మూగ చేసినవ్. ఇగ బంగారమున్నా ఏం మోగుతది? ఇయ్యాల లేదని చెప్పి, రేపు మేం లేనప్పుడొచ్చి తవ్వుకపోదామనా? నీ ఎత్తులు నాకెర్క లేదనుకున్నవా?”

ప్రకాశం మొహం కందిపోయింది. “నమ్మకపోతే పోత పెద్దమ్మా.”

“ఆగన్నా!” నీలమ్మ కుడిచేతి కడియం గుంజి తీసి మట్టిలో పెట్టింది. “ఇది దాని జోడే. దీని మీద పెట్టు.”

సీతారాం గబగబా వచ్చాడు. “ఎందుకు నీలా ఈ లొల్లి? చేతికేస్కో. నేను నిన్నేమన్న అన్ననా?”

“నువ్వనలే. వాడకట్టంత అంటుంది.”

ప్రకాశం చుట్టను కడియం మీదికి తెచ్చాడు. చప్పుడు లేదు. అటూ ఇటూ తిప్పాడు. ఊహుఁ.

“చూస్తిరా! కండ్ల ముంగట బంగారమున్నా మోగుతలేదు. దొంగ మిషను, దొంగ మనిషి!” అని అరిచింది బాలమ్మ.

ప్రకాశం కళ్లప్పగించి మిషను వంకే చూస్తున్నాడు. నీలమ్మకు మొదటిసారి అతని మీద కూడా అనుమానం కలిగింది. నమ్మి పిలిస్తే ఇతనే తన గొంతు కోశాడా?

బాలమ్మ అంతటితో ఊరుకోలేదు. గోడల మీంచి చూస్తున్న ఇరుగుపొరుగుకు తెలియాలని, తన వేలి బంగారు ఉంగరం ఊడబీకి అంతదూరంలో విసిరింది. “దీని మీద గూడ మోగదు, సూడుండ్రి!”

చుట్ట ఉంగరం మీదికి రాగానే మిషను పిట్ట కూసినట్టు కూసింది.

ప్రకాశం మళ్లీ కడియం దగ్గరికి వచ్చి, మర వెనక్కి తిప్పాడు. మోగింది. మర ముందుకు తిప్పాడు. ఆగిపోయింది. అచ్చం లాడం మేకులాగే.

“సూడు పెద్దమ్మా,” అంటూ పక్కకు జరిగాడు.

బాలమ్మ వంగి కడియం అందుకుంది. గాబు రాతికేసి బలంగా రుద్దింది. పచ్చటి పూత లేచిపోయి లోపలి ఇనుము బయటపడింది. తలెత్తి కోడలి వంక చూసింది. ఆ చూపు అక్కడ ఆగకుండా, గునపం పట్టుకుని నేల చూపులు చూస్తున్న కొడుకు మీదికి పోయింది.

“దసరాకు మెరుగు పెట్టిచ్చుకొస్తనని రెండు కడేలు తీస్కపోయింది నువ్వే గద, సీతారామా?”