పరంజా మీద మాట

పరంజా కర్ర విరిగి సంపూర్ణమ్మ మొగుడు పడి చనిపోయినప్పుడు, తాగి పైకెక్కాడని కాంట్రాక్టరు బసవపున్నయ్య అందరికీ చెప్పాడు. ఆ మనిషి ఏనాడూ చుక్క ముట్టలేదు. అయినా పాస్టరు గారు సమాధి దగ్గర తాగుడు గురించే ప్రసంగం చేశారు.

సంపూర్ణమ్మ సిమెంటు తట్టలు మోయడం మానేసి, అన్న దగ్గర పరంజా కట్టడం నేర్చుకుంది.

"ఆడదానివి, నీకెందుకే ఆ పని?" అని అన్న అడిగితే తాడు ముడి ఇంకాస్త బిగించింది.

డెబ్బై నాలుగులో బసవపున్నయ్య గాంధీనగరంలో సినిమా హాలు కట్టిస్తుంటే అక్కడే పనికి కుదిరింది. ఆయన ఆమెను గుర్తుపట్టలేదు.

ఒక ఉదయం మేస్త్రీలు టీకి దిగారు. బసవపున్నయ్య గోడ పూత చూడ్డానికి పైకెక్కాడు. సంపూర్ణమ్మ కిందనుంచి నిచ్చెన తీసేసింది.

"కాంట్రాక్టరు గారూ, మీ కాళ్ల కింద పుచ్చుకర్ర ఉంది. కిందటిసారి మీ పనిలో పడి చచ్చిపోయినాయన పెళ్లాన్ని నేను. మీరు కూడా తాగొచ్చారాండీ?"

ఆయన గోడకి అతుక్కుపోయాడు. "నిచ్చెన వెయ్యమ్మా! నీకు దణ్ణం పెడతాను!"

"ముందు నిజం చెప్పండి. అందరికీ వినపడాలి."

"మీ ఆయన తాగలేదమ్మా! కర్ర పుచ్చిందని నాతో చెప్పాడు కూడా. నేనే తిట్టి ఎక్కించాను!"

మేస్త్రీలు టీ గ్లాసులు కింద పెట్టేశారు.

సంపూర్ణమ్మ నిచ్చెన తెచ్చి ఆనించింది.

"దిగండి, అన్నీ కొత్త కర్రలే. నిన్న పుచ్చుకర్రే కట్టాను. మీకంటే ముందు మేస్త్రీలు ఎక్కుతారని గుర్తొచ్చి విప్పేశాను."