మూడో పెట్టె

“దొంగ! దొంగ!”

దనూతె కేకలకు ఇరుగుపొరుగువాళ్లు కంచె దగ్గరికి పరుగెత్తుకొచ్చారు.

పెరట్లో వరసగా మూడు తేనెటీగల పెట్టెలు. చివరిదాని మూత ఎత్తి పట్టుకుని ఓ ముసలాయన నిలబడి ఉన్నాడు. కాళ్ల దగ్గర గోనెసంచి.

“నా పేరు లియోనాస్ అమ్మా. సరస్సు అవతల ఉంటాను. ఇందులో తేనె లేదు...”

“ఉంటే ఎత్తుకుపోదామనేగా వచ్చావు!”

“అది కాదమ్మా, నీ భర్త ప్రానస్...”

“ఆయన పేరెత్తకు! మొగుడు పోయి మూడు నెలలు కాలేదు, అప్పుడే దోచుకోడానికి తయారయ్యావా?”

మూత లాక్కుని మూసేసింది. సంచి విప్పైనా చూడకుండా కంచె అవతలికి తోసేసింది.

లియోనాస్ సంచి భుజాన వేసుకుని తలదించుకుని వెళ్లిపోయాడు.

దనూతె ముప్పై ఏళ్లు కౌనస్ పట్నంలో బట్టల ఫ్యాక్టరీలో పనిచేసింది. ఈ పల్లెలోనే ఉండిన భర్త పోయాకే ఇక్కడికి వచ్చింది. వచ్చిన ఆగస్టులోనే మూడు పెట్టెల్లోనూ తేనె చుక్క మిగల్చకుండా తీయించి సంతలో అమ్మేసింది.

దొంగ సంగతి కొట్లోనూ చెప్పింది. వారం తిరక్కుండా ఊళ్లో చాలామంది తమ పెరళ్లకు తాళాలు వేశారు. లియోనాస్ చర్చికి రావడం మానేశాడు.

మంచు పడింది. నాలుగు నెలలు కరగలేదు.

ఏప్రిల్లో ఎండ కాసిన రోజు రెండు పెట్టెల్లోంచి తేనెటీగలు బిలబిలమంటూ బయటికొచ్చాయి. మూడోదాంట్లో అలికిడి లేదు.

మూతలు తీసి చూసింది.

మొదటి రెండింట్లో సగం తిన్న పంచదార ముద్దలు. మూడోదాంట్లో తేనెపట్టు ఖాళీ గదుల్లోకి తలలు దూర్చి, ఆకలితో చచ్చిన ఈగలు.

ఆ ముద్దలు తను పెట్టలేదు.

పెట్టింది ఆ రోజు గోనెసంచితో వచ్చిన ముసలాయన. వాటి చలికాలపు తిండి దోచుకున్నది తను.

రై పిండి రొట్టె ఒకటి గుడ్డలో చుట్టుకుని సరస్సు అవతలికి నడిచింది. లియోనాస్ అక్క బ్రోనె తలుపు తీసింది.

“లియోనాస్ గారిని క్షమించమని అడగాలి...”

“ఫిబ్రవరిలో పోయాడు. నీకెవరు చెబుతారులే.”

దనూతె రొట్టె మూట ఆవిడ చేతికిచ్చింది. “నా పెట్టెలకు తిండి పెట్టింది ఆయనే. నాకిప్పుడే తెలిసింది.”

“ముందు మనది చూసుకోరా అని చెబితే విన్నాడా? ‘ప్రానస్ లేడు, ఆవిడకేమీ తెలీదు, ముందు ఆవిడవి చూస్తానక్కా’ అన్నాడు.”

“మీది... ఏది?”

“వాళ్లిద్దరూ మీ పెరట్లో కలిసి పెంచిన మూడింట్లో రెండే ప్రానస్‌వమ్మా,” అంది బ్రోనె. “ఆ చివరిది మా తమ్ముడిది, అది బాగుందా?”