సందెవేళ తొలి దీపం

పగటి వెలుగును బట్టి తమంతట తామే వెలిగే దీపాలు సోమరుల సరదా అని ఈమధ్య అందరూ అంటున్నారు. అందుకే ఇది చెప్పాలి.

నేను కరెంటు పని చేస్తాను. గార్ల ఊళ్లో, భర్త పోయిన భాగ్య ఇంట్లో దీపాన్ని అలా వెలిగించే సెన్సార్ బిగించాను. సందెవేళ తొలి దీపం ఆమె చేత్తో వెలగకూడదని అత్తింటివారి కట్టడి. వారికి కరెంటు బల్బు కూడా దీపమే. రోజూ మరిది కల్యాణ్ వచ్చి స్విచ్ వేయాలి.

"జర ముందుగాల వెలిగేటట్టు పెట్టన్నా," అంది భాగ్య. పెట్టి, పరీక్షించడానికి సాయంత్రం వరకు ఆగాను.

కల్యాణ్ వచ్చేసరికే ఇల్లు వెలుగుతోంది.

"ఎవరేసిన్రు వదినా?"

"నా చెయ్యి తగల్లే. పొద్దు తగ్గంగనే అదే వెలిగింది." ఆమె గడపకు అడ్డంగా నిలబడింది. "దీపం వంకతోని నువ్వు లోపలికొచ్చుడు ఇయ్యాల్టితోని బందు."

అతడు వెనుదిరిగాడు. రేపు రాకుండా ఉంటాడో లేదో నేను చెప్పలేను.